కాపలా మనిషికీ ఒక కాపలా కావాలి



క్రిందటి సంక్రాంతి రోజుల్లో ఒక తల్లి తన కుమారుణ్ణి చెయ్యి పట్టుకుని మా ఓ.పి.కి తీసుకువచ్చింది. అబ్బాయికి ఇంకా నలభై దాటలేదు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. పండుగకని ఊరికి వచ్చి, రెండు రాత్రులు నిద్ర లేకుండా వరండాలో ఫోను చెవిన పెట్టుకుని తిరుగుతూనే ఉన్నాడట. మూడవ నాటి ఉదయం తల తిరిగి గోడ పట్టుకున్నాడు. “మా వాడు కంప్యూటర్లకు కాపలా కాస్తాడు సిస్టరమ్మా. దొంగలు రాకుండా చూస్తాడు. వాణ్ణి మాత్రం ఎవరూ చూడరు” అన్నది ఆ తల్లి.

బి.పి. చూస్తే 170/110. నేను చేతి పట్టీ విప్పుతుండగానే అతని ఫోను మోగింది. “ఒక్క నిమిషం ఆంటీ” అంటూ లేవబోయాడు. “కూర్చో బాబూ, రెండోసారి చూడాలి. కదిలినా మాట్లాడినా అంకె సరిగా రాదు” అని కొంచెం గట్టిగానే చెప్పి కూర్చోబెట్టాను. (గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

ఆ తల్లి మాట నన్ను వదలలేదు. ఈ పత్రికలో సాధారణంగా షుగరు గురించో, బాలింతల ఆహారం గురించో రాసే నేను, ఈసారి కంప్యూటర్ భద్రతాధికారుల గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఈ పత్రిక చదివే కుటుంబాలలో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో కంప్యూటర్ల ముందు రాత్రిళ్ళు మేలుకునే పిల్లలున్న ఇళ్ళు ఎన్నో మీకే తెలుసు. పైగా రాత్రి కాపలా అనేది నర్సులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా నమ్మకం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ కాపలా మనకెందుకు?

ఇది వారి కంపెనీల గొడవ, మనకేమిటి అనుకోవద్దు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లలోకి దొంగలు జొరబడి, అందులోని సమాచారానికి తాళాలు వేసేశారు. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దెబ్బతిన్నాయని తరువాత ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. దేశం నలుమూలల నుండి రోగులు వచ్చే ఆ ఆసుపత్రిలో చాలా రోజులపాటు ఓ.పి. చీటీలు, ల్యాబు రిపోర్టులు, అడ్మిషన్లు అన్నీ చేతిరాతతోనే నడిచాయి.

అంతకుముందు 2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే కంప్యూటర్ వైరసు ప్రపంచమంతటా వ్యాపించింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే 236 సంస్థలలో కనీసం 81 దాని వలన ఇబ్బంది పడ్డాయి. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి ఆడిట్ నివేదిక అంచనా వేసింది. వాటిలో ఆపరేషన్లు కూడా ఉన్నాయి. అదే రోజుల్లో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకు కూడా ఆ వైరసు సోకింది.

ఐర్లండు సంగతి ఇంకా పెద్దది. 2021 మే 14న ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ మొత్తం మీద దాడి జరిగింది. అంతా పూర్వస్థితికి రావడానికి సుమారు నాలుగు నెలలు పట్టింది. విచారణలో తేలినదేమిటంటే, ఆ దొంగతనానికి తలుపు తెరుచుకున్నది మార్చి 18నే. ఒక ఉద్యోగి తనకు వచ్చిన ఈ-మెయిలులోని ఫైలు తెరిచిన రోజది. ఎనిమిది వారాలు దొంగ ఇంట్లోనే తిరిగాడు. మధ్యలో హెచ్చరికలు కనిపించాయి, కానీ పట్టించుకోవలసినంతగా ఎవరూ పట్టించుకోలేదు. అంత పెద్ద సంస్థలో కంప్యూటర్ భద్రత మొత్తానికి జవాబుదారీగా పై స్థాయిలో ఒక్క అధికారి కూడా లేడని ఆ నివేదికే చెప్పింది.

వార్డులో కూడా ఇంతే. రోగి ఒక్కసారిగా పడిపోడు. ఆరేడు గంటల ముందు నుండే నాడి పెరుగుతుంది, ఊపిరి వేగం అవుతుంది, మూత్రం తగ్గుతుంది. చూసే కన్ను అలసిపోయి ఉంటే చార్టు మీద అంకె పడుతుందే గాని బుర్రకెక్కదు. కాబట్టి కాపలా మనిషి నిద్ర అతని సొంత విషయం కాదు. దాని మీద ఆధారపడిన వాళ్ళందరి విషయం.

ఒక అధికారి కథ

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో సోలార్‌విండ్స్ అనే కంపెనీ ఉంది. పెద్ద పెద్ద సంస్థలు తమ కంప్యూటర్ నెట్‌వర్కులను చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఆ సాఫ్ట్‌వేరులోనే ఎవరో దొంగదారి పెట్టారని 2020 డిసెంబరు 12న, శనివారం నాడు, కంపెనీకి ఫోను వచ్చింది. కంపెనీ అప్‌డేటుతో పాటే ఆ దొంగదారి సుమారు 18,000 సంస్థలదాకా వెళ్ళి ఉండవచ్చని తేలింది. నిజంగా లోపలికి జొరబడినవి దాదాపు వంద కంపెనీలు, తొమ్మిది అమెరికా ప్రభుత్వ శాఖలు. ఇది రష్యా గూఢచారి సంస్థ పని అని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

ఆ కంపెనీలో భద్రత చూసే అధికారి టిమ్ బ్రౌన్ గారు. ఆ మొదటి ఇరవై రోజుల్లో తాను 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు, తగ్గిపోయానని ఆయనే తరువాత చెప్పుకున్నారు. ఇరవై రోజుల్లో పదకొండు కిలోలు! మా వార్డులో ఏ రోగి అయినా ఇంత బరువు తగ్గితే మేము పరుగెత్తుకుంటూ వెళ్ళి డాక్టరుగారిని పిలుస్తాము. అక్కడ మాత్రం పని నడిచిపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 2023 అక్టోబరులో అమెరికా స్టాకు మార్కెట్ల నియంత్రణ సంస్థ కంపెనీతో పాటు ఆయన మీద కూడా వ్యక్తిగతంగా కేసు వేసింది. భద్రత గురించి మదుపరులకు ఉన్నదున్నట్టు చెప్పలేదన్నది ఆరోపణ. 2024 జూలైలో న్యాయమూర్తి ఆ ఆరోపణలలో చాలావాటిని కొట్టివేశారు. మిగిలిన కేసును 2025 నవంబరులో ఆ సంస్థే వదులుకుంది. దాడి జరిగిన నాటి నుండి లెక్కవేస్తే దాదాపు ఐదేళ్ళు. ఆ ఒత్తిళ్ళ కాలంలోనే ఆయనకు గుండెపోటు వచ్చింది. బతికి బయటపడ్డారు. తన అనుభవాన్ని దాచుకోకుండా, తన వృత్తిలోని ఇతరులకు హెచ్చరికగా బహిరంగ సభలలో చెబుతున్నారు.

ఒక మనిషి గుండెపోటుకు ఫలానా ఒక్కటే కారణమని వేలు పెట్టి చూపించడం మా వృత్తిలో ఎవరూ చేయరు. వంశం, బి.పి., షుగరు, పొగ తాగడం, కొలెస్ట్రాల్ అన్నీ కలుస్తాయి. కానీ నిద్ర లేకపోవడం, వేళకు తిండి లేకపోవడం, ఎడతెగని దిగులు ఆ నిప్పుకు గాలి విసురుతాయన్నది నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

నిద్ర లేని మెదడు, తాగిన మెదడు

పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని పరిశోధకులు 1990ల నుండే చూపించారు. ఇరవై నాలుగు గంటలు మేలుకుంటే అది సుమారు 0.10 శాతానికి చేరుతుంది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే రాత్రంతా మేలుకుని ఉదయం పూట కంపెనీ కంప్యూటర్లు ఆపాలా వద్దా అని నిర్ణయించే అధికారి, పోలీసువారు రోడ్డు మీద ఆపి బండి తాళం తీసుకోవలసిన స్థితిలో ఉన్నాడన్నమాట. చిత్రమేమిటంటే, తాగినవాడిలాగే నిద్ర లేనివాడు కూడా “నాకేం కాలేదు, బాగానే ఉన్నాను” అంటాడు.

ఇది ఇతరులకు చెప్పే ముందు నా సంగతి ఒప్పుకోవాలి. నేను చార్జి సిస్టరుగా ఉన్న రోజుల్లో, వేరొక ఆసుపత్రిలో, మనుషులు లేక వరుసగా డబుల్ డ్యూటీలు చేశాను. చేయమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నేను లేకపోతే వార్డు నడవదనే గర్వమే నన్ను నిలబెట్టింది. మూడవ రాత్రి ఒక రోగికి ఇంజక్షన్ కలపడానికి నీళ్ళ ఆంప్యూల్ తీశాననుకుని పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ తీశాను. అది నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పక్కనున్న విద్యార్థిని, పట్టుమని పంతొమ్మిదేళ్ళు లేని పిల్ల, “సిస్టర్, ఒక్కసారి పేరు చదవండి సిస్టర్” అన్నది. చదివాను. నా చేతులు చల్లబడ్డాయి.

మర్నాడు మేట్రన్ గారి దగ్గరకు వెళ్ళి జరిగినది చెప్పాను. ఆమె తిట్టలేదు. మూడు ప్రశ్నలు అడిగారు: ఎన్ని గంటలు మేలుకుని ఉన్నావు, రెండు ఆంప్యూల్స్ ఒకే ట్రేలో ఎందుకున్నాయి, ఆ పిల్ల పేరేమిటి? ఆ సాయంత్రానికి పొటాషియం ఆంప్యూల్స్ అన్నీ వేరే బీరువాలోకి వెళ్ళాయి. నాకు రెండు రోజులు సెలవు. ఆ పిల్లను అందరి ముందు మెచ్చుకున్నారు. నాయకత్వం అంటే ఏమిటో నేను ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు, ఆ గదిలో నేర్చుకున్నాను.

వార్డు నుండి వారు తీసుకోదగిన పాఠాలు

కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు. కానీ ప్రాణాపాయ స్థితిలో పది మందిని నడిపించడం, మర్నాడు మళ్ళీ డ్యూటీకి రావడం కొంత తెలుసు. భద్రతాధికారులుగా ఉన్న మన పిల్లలకు ఈ క్రింది ఐదు మాటలు చెప్పాలనిపిస్తుంది.

1. చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకో. గుండె ఆగిన రోగి చుట్టూ మేము చేరినప్పుడు ఒకరు ఛాతీ నొక్కుతారు, ఒకరు ఊపిరి చూస్తారు, ఒకరు మందు ఎక్కిస్తారు, ఒకరు సమయం రాస్తారు. నడిపించే వ్యక్తి మంచం చివర నిలబడి అందరినీ చూస్తారు. ఆ వ్యక్తే వంగి ఛాతీ నొక్కడం మొదలుపెడితే అందరికీ కళ్ళు పోయినట్టే. ఛాతీ నొక్కేవారిని కూడా రెండు నిమిషాలకొకసారి మారుస్తాము. ఎంత బలవంతుడైనా అలసిపోతాడు, అలసినట్టు అతనికే తెలియదు. అందుకే అడగకుండానే మారుస్తాము.

2. డ్యూటీ అప్పగించి వెళ్ళు. ఉదయం షిఫ్టు వచ్చాక రాత్రి నర్సు నాలుగు ముక్కలు చెబుతుంది: ఇప్పటి పరిస్థితి, వెనుకటి సంగతి, తన అంచనా, ఇక చేయవలసినది. ఈ పద్ధతికి ఎస్‌బార్ అని పేరు. అమెరికా నౌకాదళం నుండి ఆసుపత్రులకు వచ్చింది. అప్పగించాక ఆమె ఇంటికి వెళ్ళి పడుకుంటుంది. గంటకొకసారి ఇంటికి ఫోను చేసి అడగవలసి వస్తున్నదంటే, అప్పగింత సరిగా జరగలేదని అర్థం. అన్ని సంగతులూ ఒక్కరి తలలోనే ఉన్న చోట ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఏమిటి గతి?

3. తప్పు చెప్పినవాణ్ణి కాపాడు. ఆ రాత్రి ఆ పిల్ల నాకు భయపడి ఊరుకుని ఉంటే ఒక ప్రాణం పోయేది. అనుమానపు ఈ-మెయిలు పొరపాటున తెరిచిన గుమాస్తా పది నిమిషాల్లో వచ్చి చెబితే నష్టం చిన్నది. తిడతారని దాచితే ఐర్లండులో లాగా వారాలు గడుస్తాయి. మన దేశంలో 2022లో సెర్ట్-ఇన్ సంస్థ పెట్టిన నియమం ప్రకారం ఇటువంటి దాడి తెలిసిన 6 గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ముందు కింది మనిషి నోరు విప్పకపోతే పై మనిషికి ఆ ఆరు గంటలు ఎప్పుడు మొదలైనట్టు?

4. చేతిరాత మరచిపోకు. కరెంటు పోయినా, కంప్యూటరు ఆగినా వార్డు ఆగకూడదు. అందుకే కాగితం కేస్ షీట్లు, చేతి రిజిస్టర్లు బీరువాలో ఉంటాయి, కొత్త నర్సులకు నింపడం నేర్పిస్తాము. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక లోపపు అప్‌డేటు వలన ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు మూగబోయాయి. అది దాడి కాదు, పొరపాటు. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసి బోర్డింగ్ పాసులు ఇచ్చారు. చాలా విమానాలు ఆలస్యమైనా కదిలాయి. ఆగినా మళ్ళీ నిలబడే ఏర్పాటు ముందే ఉంటే అధికారి గుండె మీద బరువు సగం తగ్గుతుంది.

5. కేసు అయిపోయాక కూర్చోండి. పసిబిడ్డ చనిపోయిన రాత్రి తరువాత నేను నా పిల్లలను ఊరికే షిఫ్టు ముగించి పంపను. పది నిమిషాలు టీ తాగుతూ కూర్చుంటాము. ఏది బాగా చేశాము, ఏది లేటయింది, ఎవరికి మనసు బాగాలేదు అని మాట్లాడుకుంటాము. కొందరు ఏడుస్తారు. ఏడ్చినవాళ్ళు మర్నాడు డ్యూటీకి వస్తారు. ఏడవకుండా బిగబట్టుకున్న వాళ్ళే ఉద్యోగం మానేసిన సందర్భాలు నేను చూశాను.

“దొంగలకు సెలవు లేదు కదా ఆంటీ!”

ఆ అబ్బాయి నాతో అన్న మాట ఇది. నిజమే. జ్వరాలకు కూడా సెలవు లేదు బాబూ, కాన్పు నొప్పులకు కూడా లేదు. అందుకే కదా ఆసుపత్రిలో మూడు షిఫ్టులు పెట్టారు! జబ్బుకు సెలవు లేదని ఒకే నర్సును సంవత్సరమంతా నిలబెట్టరు గదా.

“లక్షల జీతం తీసుకుంటారు, ఆ మాత్రం కష్టపడవద్దా?” అని మరికొందరు అంటారు. కష్టపడవద్దని నేననలేదు. జీతం పనికి ఇస్తారు, గుండె రక్తనాళాలకు కాదు. పెద్ద జీతగాడి మెదడు కూడా పదిహేడు గంటలకే మొద్దుబారుతుంది.

“మా కంపెనీలో భద్రతకు ఉన్నదే ఒక్కడు” అన్నది మూడవ మాట. దీనిలో బాధ ఉంది. ఇద్దరు నర్సులతో ముప్పై మంచాల వార్డు నడిపిన నాకు అది బాగా అర్థమవుతుంది. కానీ ఒక్కడే ఉన్నాడన్నది ఆ ఒక్కడి తప్పు కాదు, యాజమాన్యం నిర్ణయం. ఆ సంగతి కాగితం మీద రాసి పైవారికి ఇవ్వాలి. డాక్టర్ల సంగతి చూడండి. 1984లో న్యూయార్కులో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆమెను చూసిన జూనియర్ డాక్టర్ల మీద ఎంత పనిభారం ఉందో విచారణలో బయటపడింది. 1989లో ఆ రాష్ట్రం శిక్షణలోని డాక్టర్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టింది. 2003లో అది ఆ దేశమంతటికీ వచ్చింది. ఎనభై కూడా ఎక్కువే. అయినా హద్దు అనేది ఒకటుండాలని ఒప్పుకోవడానికి ఒక ప్రాణం, అన్నేళ్ళు పట్టాయి. కంప్యూటర్ కాపలాదారులకు అటువంటి హద్దు పెట్టడానికి ఇంకొక ప్రాణం కోసం ఎదురుచూడవద్దన్నదే నా అభిప్రాయం.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పాలి. ఆసుపత్రులు ఈ విషయంలో పుణ్యక్షేత్రాలేమీ కాదు. ఈ రోజుకూ డబుల్ డ్యూటీలు చేసే నర్సులున్నారు. రాత్రి డ్యూటీలు నిద్ర లయను చెరిపి, బహుశా క్యాన్సరు ముప్పును పెంచుతాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో చెప్పి, 2019లో మళ్ళీ అదే మాట చెప్పింది. కాబట్టి పై పాఠాలు నేను వేలు చూపించి చెబుతున్నవి కావు, నేను కూడా రోజూ నేర్చుకుంటున్నవే.

మీ ఒంటి సంగతి

మన ప్రాంతపువారికి గుండెపోటు ఇతర దేశాలవారికంటే కొన్నేళ్ళు ముందుగానే వస్తుంది. “నాకింకా నలభై కూడా లేవు” అన్నది మనకు ధీమా కాకూడదు. కూర్చుని పనిచేసే బాధ్యతగల ఉద్యోగులు ఇవి గుర్తుంచుకోవాలి.

బి.పి. 140/90కి పైన రెండు మూడుసార్లు కనిపిస్తే డాక్టరుగారిని కలవండి. తలనొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. బి.పి. చాలామందిలో చప్పుడు చేయదు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే అది హెచ్చరిక. ముప్పై దాటాక ఏడాదికొకసారి షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

రోజుకు ఏడు గంటల నిద్ర ముచ్చట కాదు, మందు. మధ్యాహ్నం దాటాక కాఫీ తగ్గించండి. రాత్రి షిఫ్టు చేసేవారు పగలు కిటికీకి మందపాటి తెర కట్టుకుని, ఫోను మరొక గదిలో పెట్టి పడుకోండి. రాత్రంతా మేలుకుని ఉదయం బండి నడపవద్దు. ఆటోలోనో బస్సులోనో ఇంటికి చేరండి. రోజుకు అరగంట వేగంగా నడవండి. ఫోనులో మాట్లాడుతూ వరండాలో తిరగడం నడక కాదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తే గ్యాసు అని సోడా తాగి పడుకోవద్దు. ఎవరో చెప్పారని నాలుక కింద మాత్ర పెట్టుకోవద్దు. 108కి ఫోను చేయండి, మీరే బండి నడుపుకుంటూ రావద్దు. ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈ.సి.జి. తీయాలన్నది నియమం, అడగడానికి మొహమాటపడవద్దు.

మనసు బరువెక్కినా అంతే. పనికి వెళ్ళాలంటేనే విరక్తి, ఇంట్లోవారి మీద కారణం లేని కోపం, ఏ పనీ పట్టనితనం వారాల తరబడి ఉంటే అది బలహీనత కాదు. పనిలోని ఎడతెగని ఒత్తిడి వలన వచ్చే ఈ స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జాబితాలో చేర్చింది. ప్రభుత్వపు టెలి-మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంటివారు చేయగలిగినది

తల్లిదండ్రులకు, కోడళ్ళకు, అల్లుళ్ళకు ఒక మనవి. “ఆ ఉద్యోగం మానెయ్యి” అనవద్దు. ఆ మాట వింటే వారు మనకు చెప్పడం మానేస్తారు. “ఏమైంది, ఎవరు చూస్తున్నారు నీ బదులు?” అని అడగండి. ఆ ప్రశ్న పదిసార్లు విన్నవాడు పదకొండవసారి తన ఆఫీసులో అడుగుతాడు. పీడకలలా ఫోను మోగిన వారం గడిచాక ఒక పూట నిద్రపోనివ్వండి, చుట్టాల ఇళ్ళకు తిప్పవద్దు. భోజనం దగ్గర ఫోను ఉంచవద్దని ఇంటిల్లిపాదికీ ఒకే నియమం పెట్టండి. అందులో పెద్దలు కూడా ఉండాలి సుమా!

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఈ.సి.జి. బాగానే వచ్చింది. డాక్టరుగారు బి.పి. మాత్ర రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. మూడు నెలలకు రాలేదు. దసరా సెలవులకు వచ్చాడు. బి.పి. 134/86. ఇంకా కొంచెం తగ్గాలి. నేను పట్టీ కడుతుంటే చుట్టూ చూశాను, ఫోను కనిపించలేదు. “ఏది బాబూ?” అన్నాను. “అమ్మ సంచిలో ఉంది ఆంటీ. ఈ నాలుగు రోజులూ నా కింద పనిచేసే అమ్మాయికి డ్యూటీ అప్పగించి వచ్చాను. కాగితం మీద అంతా రాసిచ్చాను. మొదటి రోజు నాలుగుసార్లు నేనే చేశాను. ‘పడుకోండి సార్, నేనున్నాను’ అన్నది” అని నవ్వాడు.

ఆ అమ్మాయి మంచి చార్జి సిస్టరు అయ్యేది అనుకున్నాను.

— నర్సింగ్ సూపరింటెండెంట్